బల్ల ఎవరిది, యంత్రం ఎవరిది?

మొదటి రోజుల్లో కంప్యూటర్ ఉమ్మడి ఆస్తి. 1961లో ఎంఐటీలో ఫెర్నాండో కోర్బటో బృందం ఒకే యంత్రాన్ని ఒకేసారి పలువురు వాడుకునే టైమ్‌షేరింగ్ పద్ధతిని చూపించింది. 1964లో డార్ట్‌మత్ కళాశాల విద్యార్థులు టెలిటైప్‌ల ముందు కూర్చుని బేసిక్ భాషలో ప్రోగ్రాములు రాశారు. యంత్రం ఎక్కడో గదిలో ఉండేది. వాళ్ల ముందున్నవి మీటలూ కాగితమూ మాత్రమే. ఎవరు ఏ టెర్మినల్ దగ్గర కూర్చున్నా పని సాగేది. నేటి ఆఫీసులు కోరుకుంటున్న ‘ఎవరి సీటూ కాని సీటు’ ఆనాడే ఉంది.

1977లో బొమ్మ తిరగబడింది. ఆపిల్ టూ, టీఆర్‌ఎస్‌-80 వచ్చి కంప్యూటర్ మొత్తాన్ని కీబోర్డు పెట్టెలోకి దించాయి. లెక్క సులువే: మీటలకు ఎలాగూ ఒక పెట్టె కావాలి, అందులోనే సర్క్యూట్ బోర్డు పెట్టేస్తే రెండో పెట్టె ఖర్చు తప్పుతుంది. పైగా ఇంట్లో ఉన్న టీవీనే తెరగా వాడుకోవచ్చు కాబట్టి సింక్లెయిర్, కమొడోర్ లాంటి కంపెనీలు ధర ఇంకా తగ్గించాయి. 1981 నాటి జెడ్‌ఎక్స్‌81లో ఉన్న మెమరీ ఒక్క కిలోబైటే. వెనక తగిలించే అదనపు మెమరీ డబ్బా కాస్త కదిలితే చేసిన పనంతా పోయేది. అయినా జనం కొన్నారు. 1982లో వచ్చిన కమొడోర్ 64 కోటికి పైగా అమ్ముడైంది. మన దేశంలో 1984లో మొదలైన ‘క్లాస్’ పథకం కింద బడులకు చేరిన బీబీసీ మైక్రోలూ ఈ తరహావే.

ఇల్లు మెచ్చిన ఈ అమరికను ఆఫీసు ఒప్పుకోలేదు. 1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీ కీబోర్డును విడదీసి, మెలికల తీగతో పెట్టెకు కట్టింది. డిస్కులకు, అదనపు కార్డులకు చోటు కావాలి, వేడి బయటికి పోవాలి. రోజంతా టైపు చేసేవారి మణికట్లకు పలుచని కీబోర్డు కావాలి. పైగా అరుగుదల సంగతి ఉంది. బల్ల మీద ఎక్కువ దెబ్బలు తినేది కీబోర్డే, టీ ఒలికేదీ దాని మీదే. విడి కీబోర్డు పాడైతే కొత్తది తెచ్చి తగిలిస్తారు. కంప్యూటర్ అందులోనే ఉంటే పని మొత్తం ఆగిపోతుంది. 1987 నాటి అమిగా 500 తర్వాత కీబోర్డులోనే కంప్యూటర్ ఉండే యంత్రాలు క్రమంగా కనుమరుగయ్యాయి.

తర్వాత ఉమ్మడి బల్లల వంతు వచ్చింది. 1994 ప్రాంతంలో షియాట్ డే ప్రకటనల సంస్థ ఉద్యోగులకు సొంత సీట్లు ఎత్తేసి, పొద్దున్నే కౌంటర్‌లో ల్యాప్‌టాప్, ఫోను తీసుకుని సాయంత్రం తిరిగి ఇచ్చే పద్ధతి పెట్టింది. అందరికీ సరిపడా యంత్రాలు లేక జనం వాటిని దాచుకోవడం మొదలుపెట్టారు. కొన్నేళ్లకే సంస్థ వెనక్కి తగ్గింది. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చిన సన్ రే దారి వేరు. అందులో బల్ల మీద ఏమీ దాచరు. మీ కార్డు ఏ బల్ల దగ్గర పెట్టినా, సర్వర్‌లో మీరు వదిలిన పని అక్కడే తెర మీదికి వస్తుంది. సన్ ఒరాకిల్ చేతికి వెళ్లాక ఆ ఉత్పత్తి ఆగిపోయినా, ఆ ఆలోచన ఇప్పటికీ చెల్లుతుంది.

ఈలోగా కీబోర్డు కంప్యూటర్ తిరిగి వచ్చింది. 2020 నవంబరులో 70 డాలర్లకు రాస్ప్‌బెరీ పై 400, 2024 డిసెంబరులో 90 డాలర్లకు పై 500 వెలువడ్డాయి. 2026 జనవరిలో హెచ్‌పీ విండోస్‌తో పనిచేసే ఎలీట్‌బోర్డును ప్రకటించింది. దాని బరువు సుమారు ముప్పావు కిలో. ఎలీట్‌బోర్డును సాధ్యం చేసింది పొదుపు చిప్‌లు, యూఎస్‌బీ-సీ తీగ. తగిన మానిటర్ ఉంటే దాని నుంచి వచ్చే ఒక్క తీగతోనే కరెంటు, బొమ్మ, నెట్‌వర్క్ అన్నీ నడుస్తాయి. కొవిడ్ తర్వాత వారానికి రెండు మూడు రోజులే ఆఫీసుకు వచ్చే పద్ధతి, మానిటర్లు సిద్ధంగా ఉన్న ఖాళీ బల్లలు దీనికి కలిసొచ్చాయి.

మరి ఉమ్మడి బల్లకు ఇది తగినదేనా? దాన్ని బల్ల మీదే వదిలేస్తే 1981 నాటి అభ్యంతరాలన్నీ మళ్లీ లేస్తాయి. గచ్చిబౌలిలో షిఫ్టుల వారీగా ఒకే సీటు పంచుకునేవారికి అందరి వేళ్లూ పడే వస్తువులోనే కంప్యూటర్ పెట్టడం తెలివైన పని కాదు. అరుగుదల, దొంగతనం, రిపేరు ఖర్చు అన్నీ ఒకే వస్తువు మీద పడతాయి. వారికి మానిటర్ వెనక బిగించే చిన్న పీసీ గానీ సర్వర్‌తో నడిచే థిన్ క్లయింట్ గానీ, దానికి తోడు చవక కీబోర్డు చాలు. ఇక సంచిలో వేసుకుని తిరిగేవారి సంగతి. దారిలో, మీటింగ్ గదిలో, క్లయింట్ ముందు తెర తప్పదు కాబట్టి ల్యాప్‌టాప్‌దే పైచేయి.

మిగిలేది ఒక్క సందర్భం: ఇంట్లో ఒక మానిటర్, ఆఫీసులో ఒక మానిటర్, ఆ రెంటి మధ్య దారిలో పని చేయాల్సిన అవసరం లేని ఉద్యోగి. అతనికి తన మీటలు, తన ఫైళ్లు తనతోనే తీసుకెళ్లే సౌకర్యం నిజంగా లాభమే. కాబట్టి కొనే ముందు ఆఫీసు తేల్చుకోవలసింది ఒకటే: యంత్రం బల్లదా, మనిషిదా? బల్లదైతే కీబోర్డును విడిగానే ఉంచండి. మనిషిదైతే, అతనికి దారిలో తెర అక్కర్లేదని తేలాకే ఈ కీబోర్డు కొనండి.