అడవి ఒకటే.. హోదాలు వేరు

ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల్లో గోదావరి, ప్రాణహిత పరీవాహక ప్రాంతాన మూడు అభయారణ్యాలు ఉన్నాయి. అవి కవ్వాల్, ప్రాణహిత, శివారం. పశువులను ఎక్కడ మేపుకోవాలి, ఏ గ్రామం అడవిలో కొనసాగాలి అన్నది ఆ అడవికి చట్టం ఇచ్చిన హోదాపైనే ఆధారపడి ఉంటుంది. హోదా మారిన ప్రతిసారీ అటవీ గ్రామాల్లో ఆందోళన కలగడానికి కారణమిదే.

చట్టం ఏం చెబుతోంది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ పార్కుకు నిబంధనలు అత్యంత కఠినం. అందులో పశువుల మేతకు అనుమతి లేదు. అభయారణ్యంలో మాత్రం స్థానికుల హక్కులు కొన్నింటిని కొనసాగించే వీలుంది. 2002 సవరణతో కన్జర్వేషన్ రిజర్వులు, కమ్యూనిటీ రిజర్వులు వచ్చాయి. మొదటివి ప్రభుత్వ భూముల్లో, స్థానికులతో సంప్రదించిన తరువాత ఏర్పడతాయి. రెండోవాటికి ప్రజలే స్వచ్ఛందంగా ముందుకు రావాలి. పులుల సంరక్షణ కేంద్రాలకు 2006 సవరణ చట్టబద్ధత కల్పించింది. దేశంలో 1973లో 9గా ఉన్న ఈ కేంద్రాల సంఖ్య 2025 మార్చి నాటికి 58కి చేరింది.

మన జిల్లాల్లో..

తెలంగాణలోని మూడు జాతీయ పార్కులూ హైదరాబాద్ పరిసరాల్లోనే ఉన్నాయి. ఉత్తర తెలంగాణలో ఉన్నవి అభయారణ్యాలే. 1980లో ఏర్పడిన ప్రాణహిత అభయారణ్యం మంచిర్యాల జిల్లాలో 136 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించి ఉంది. ఇది కృష్ణజింకలకు నెలవు. మంథని సమీపంలోని శివారం గోదావరి మడుగుల్లోని మొసళ్లకు ప్రసిద్ధి.

కవ్వాల్ 1965లో అభయారణ్యమైంది. 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా మారింది. సుమారు 892 చదరపు కిలోమీటర్లు కోర్ ప్రాంతం కాగా, 1,123 చదరపు కిలోమీటర్లు బఫర్. బఫర్‌లో జనజీవనం, వన్యప్రాణులు కలిసి మనాలన్నది ఉద్దేశం. కోర్‌ను మాత్రం జనసంచారం లేకుండా ఉంచాలని చట్టం నిర్దేశిస్తుంది. అయితే తరలింపు స్వచ్ఛందంగానే జరగాలి. కోర్‌లోని రాంపూర్, మైసంపేట గ్రామాలకు చెందిన 142 కుటుంబాలకు నిర్మల్ జిల్లా కడెం మండలం కొత్త మద్దిపడగ వద్ద పునరావాస కేంద్రం నిర్మించి, 2024లో తరలింపు చేపట్టారు.

నడవాపై వివాదం

మహారాష్ట్రలోని తాడోబా నుంచి పులులు కాగజ్‌నగర్ అడవుల మీదుగా కవ్వాల్ వైపు వస్తాయి. ఈ దారి కోర్ ప్రాంతానికి వెలుపల ఉంది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో 2020 నవంబరులోనూ, 2024 నవంబరులోనూ పులి దాడుల్లో మనుషులు ప్రాణాలు కోల్పోయారు.

ఈ దారిని కాపాడేందుకు సుమారు 1,492 చదరపు కిలోమీటర్లను కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ 2025 మే 30న రాష్ట్ర ప్రభుత్వం 49వ నంబరు జీవో జారీ చేసింది. పోడు భూములు, అటవీ హక్కులు పోతాయన్న ఆందోళనతో ఆదివాసీ సంఘాలు నిరసనలకు దిగగా, జులైలో జీవో అమలును నిలిపివేసింది. కన్జర్వేషన్ రిజర్వు ప్రకటనకు స్థానికులతో సంప్రదింపులు తప్పనిసరి. పులి దారికి రక్షణ ఎంత అవసరమో, ఆ దారిలోని గూడేల సమ్మతీ అంతే అవసరమని ఈ వివాదం స్పష్టం చేసింది.