గోదావరి పుష్కరాలు: రెండు గట్ల భక్తుల లెక్కలు

బృహస్పతి సింహరాశిలో అడుగుపెట్టినప్పుడు పన్నెండేళ్ళకోసారి, పన్నెండు రోజులపాటు గోదావరికి పుష్కరాలు జరుగుతాయి. రాజమండ్రిలో పుష్కర ఘాట్, కోటిలింగాల రేవు. అవతలి గట్టున కొవ్వూరులో గోష్పాద క్షేత్రం. 1925లో పశ్చిమ గోదావరి వేరు జిల్లా అయ్యాక నది రెండు జిల్లాల హద్దుగా నిలిచి, ఏ గట్టుకు ఎందరొచ్చారన్న పోలికకు తావిచ్చింది. ఈ లెక్కల్లో రాజమండ్రిదే పైచేయి అవడం మామూలు. దీన్నిబట్టి ఆ గట్టుకే మహిమ ఎక్కువనుకోవడం పొరపాటు. అంకెలు ముఖ్యంగా చెప్పేది రవాణా గురించి, లెక్కించే తీరు గురించి. 1900లో హేవ్‌లాక్ వంతెన వచ్చాక రైలు నది దాటింది గానీ బస్సు దాటలేదు. 1974లో రోడ్డు కం రైలు వంతెన తెరిచాకే అది సాధ్యమైంది. అంటే బస్సెక్కి వరద గోదావరిని దాటి రెండు గట్లలోనూ మునగగలిగిన తొలి పుష్కరాలు 1979వి. 2015లో నాలుగో వంతెన కూడా చేరింది. దారులు పెరిగేకొద్దీ ఏ గట్టు జనం ఎవరో తేల్చడం కష్టమైంది.

రెండో చిక్కు, టికెట్టు లేని చోట లెక్కపెడుతున్నది మనుషుల్ని కాదు, స్నానాలను. పొద్దున్నే పుష్కర ఘాట్ మెట్ల మీద పిండప్రదానం చేయించి, తడిబట్టలు సంచిలో కుక్కుకుని, మధ్యాహ్నం గోష్పాదంలో మళ్ళీ మునిగిన ముసలమ్మ రెండు జిల్లాల ఖాతాలోనూ పడుతుంది. టికెట్లున్న ఆటల్లోనూ ఈ తకరారు లేకపోలేదు. అమెరికా బేస్‌బాల్‌లో ప్రకటించే హాజరు అమ్ముడైన టికెట్లదే, గేటు దాటినవారిది కాదు. 2024 దాకా ఒకే అఖాతానికి చెరో పక్క ఆడిన శాన్‌ఫ్రాన్సిస్కో, ఓక్లాండ్ జట్ల అభిమానులు వాదులాడుకున్నదీ అలాంటి అంకెల మీదే.

గోదావరికి రెండు వైపులా ఒకే పద్ధతి కాబట్టి తప్పు తప్పుతో చెల్లిపోతుందని అనవచ్చు. చెల్లదు. ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కువగా ఆగేదీ, బస దొరికేదీ రాజమండ్రిలో. అక్కడ రెండు రోజులున్న కుటుంబం పూటపూటా మునుగుతుంది, కొవ్వూరులో ఒక్క మునకతో తిరుగు బస్సెక్కుతుంది. పైగా 2011 జనగణన ప్రకారం తూర్పు గోదావరి జనాభా 51 లక్షల పైచిలుకు, పశ్చిమది 39 లక్షల పైచిలుకు. ఇరుగుపొరుగు ఊళ్ళ జనమే సమానం కానప్పుడు రేవుల్లో సమానంగా ఎందుకుంటారు? అలాగని లెక్కలు దండగ కావు. 2015ను 144 ఏళ్ళకోసారి వచ్చే మహాపుష్కరంగా ప్రచారం చేశారు (ఈ మాట ఒప్పుకోని పండితులూ ఉన్నారు). జూలై 14న, తొలిరోజు ఉదయమే పుష్కర ఘాట్‌లో జరిగిన తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. నదంతటా పుష్కర పుణ్యం ఒకటేనన్న నమ్మకం ఉన్నా జనం ఒక్క రేవుకే ఎగబడ్డారు. అక్కడ కావలసింది జిల్లా మొత్తం కాదు, ఏ గంటకు ఏ మెట్ల మీద ఎందరన్న లెక్క.

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో కొవ్వూరు తూర్పు గోదావరిలో కలిసింది. దాంతో 2027 పుష్కరాల్లో ఈ రెండు రేవులూ ఒకే కలెక్టరు లెక్కలోకి వస్తాయి. భీమవరం కేంద్రంగా మిగిలిన పశ్చిమ గోదావరికి ఇక ఎదురుగట్టు కోనసీమ. వశిష్ఠ పాయకు ఇటు నరసాపురం, అటు సఖినేటిపల్లి, ఆ దిగువన అంతర్వేది. నరసాపురం రేవులో మోటారు సైకిళ్ళనూ మనుషులనూ కలిపి దాటించేది పంటు.