పాలివ్వడానికి దొరకని సమయం

వినయపిటకంలోని చుల్లవగ్గలో ఒక వాదన ఉంది. స్త్రీలను సంఘంలో చేర్చుకోమని మహాప్రజాపతి గోతమి మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ బుద్ధుడు ఒప్పుకోలేదు. ఆమె తల గొరిగించుకుని, కాషాయం కట్టి, కపిలవస్తు నుంచి వైశాలి దాకా కాళ్లు వాచేలా నడిచి వచ్చింది. వాకిట నిలబడి ఏడుస్తున్న ఆమె తరఫున ఆనందుడు మాట్లాడాడు. స్త్రీలూ అర్హంతులు కాగలరని ముందు బుద్ధుడి నోటనే చెప్పించాడు. ఆ తర్వాతే, కన్నతల్లి పోయాక తన పాలిచ్చి పెంచింది ఈమేనని గుర్తు చేశాడు. న్యాయశాస్త్రం చదివిన మాకు ఆ వాదన నడిచిన తీరు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది.

మాయాదేవి ప్రసవమైన ఏడో రోజున మరణించింది. గోతమి తన కొడుకు నందుణ్ణి దాదులకు అప్పగించి సిద్ధార్థుడికి తానే పాలిచ్చిందని అట్ఠకథలు చెబుతాయి. అది రాజుగారి ఇల్లు, దాదులు ఉన్నారు. కూలికి పోయే తల్లి బిడ్డను ఎవరికి అప్పగించాలి?

మన పల్లెల్లో ముర్రుపాలను చెడ్డపాలని పిండి పారబోసేవారు. రెండు మూడు రోజులు తేనె, పంచదార నీళ్లు నాకించేవారు. చిక్కగా, పసుపు రంగులో ఉండే ఆ పాలలోనే బిడ్డను రోగాల నుంచి కాపాడే శక్తి ఎక్కువ. పుట్టిన గంటలోపు రొమ్ము పట్టించాలి, ఆరు నెలల దాకా మంచినీళ్లు కూడా పట్టకుండా తల్లిపాలే ఇవ్వాలి, తర్వాత వేరే తిండితో పాటు రెండేళ్లు, ఆపైన కూడా ఇవ్వొచ్చు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దీనివల్ల విరేచనాలు, న్యుమోనియా తగ్గుతాయి. తల్లికీ మేలే. గర్భసంచి త్వరగా ముడుచుకుని రక్తస్రావం తగ్గుతుంది, రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు తగ్గుతుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. తొలి గంటలో పాలు అందింది మాత్రం 41.8 శాతం పిల్లలకే. ఈ లెక్క చూశాక తప్పంతా పల్లెటూరి మూఢనమ్మకానిదే అనడానికి మాకు నోరు రాదు.

డబ్బాపాల కంపెనీల సంగతి వేరే కథ. పేద దేశాల్లో వాళ్లు చేసిన ప్రచారంపై ఉద్యమాలు లేచాక, 1981లో ప్రపంచ ఆరోగ్య సభ నియమావళి తెచ్చింది. 118 దేశాలు అవునన్నాయి. కాదన్నది అమెరికా ఒక్కటే. మన దేశం 1992లో చట్టం చేసి డబ్బాపాల ప్రకటనలను నిషేధించింది, డబ్బా మీద పసిపిల్లల బొమ్మ కూడా ఉండకూడదంది. మంచి చట్టమే. కానీ డబ్బాను అడ్డుకున్నంత మాత్రాన తల్లికి తీరిక దొరకదు.

ఆ తీరిక గురించి శాసనసభలో గట్టిగా మాట్లాడినవారు బాబాసాహెబ్. 1928 జులైలో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజన బిల్లును సమర్థిస్తూ, కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని, కాబట్టి ఆ భారాన్ని చాలావరకు ప్రభుత్వమే మోయాలని వాదించారు. స్త్రీల శ్రమతో లాభపడే యజమాని కూడా కొంత ఇవ్వాల్సిందేనన్నారు. మరుసటి ఏడాది అది చట్టమైంది. 1961 నాటి కేంద్ర ప్రసూతి చట్టం 11వ సెక్షన్, పనిలో చేరిన తల్లికి బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం ఇవ్వాలంది. 2017 సవరణ సెలవును 26 వారాలకు పెంచింది. ఇవన్నీ ఫ్యాక్టరీలకు, గనులకు, తోటలకు, దుకాణాలకు, ఆఫీసులకు. పొలంలో కూలి చేసే తల్లికి ఆ చట్టంలో చోటు లేకపోయింది. ఆ తల్లుల్లో మనవాళ్లెందరో చెప్పనక్కర్లేదు.

కొన్నేళ్ల క్రితం మిరపకోతలకు వలస వచ్చిన ఒక ముఠాను కలిశాం. నాలుగు నెలల పసివాడు వేపచెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో ఉన్నాడు. తల్లి రవిక తడిసిపోయి ఉంది. "ఏమ్మా, పాలివ్వలేదా?" అని అడిగితే, "చేతులు మండుతుంటయి సార్, కడుక్కుని రావాల, అంతలో సాలు అయిపోద్ది" అంది. కూలి కిలోల లెక్కన. నీళ్ల డ్రమ్ము చేనుకు అవతలి గట్టున ఉంది.

మేస్త్రీతో మాట్లాడాం. ఆయనా పేదవాడే, పెద్దగా ఎదురు చెప్పలేదు. డ్రమ్మును చెట్టు కిందికి మార్పించాడు, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పాలివ్వమన్నాడు. సాయంత్రం కాటా వేసేటప్పుడు మేము అక్కడే ఉన్నాం. అందరికన్నా ఆమె బస్తా తేలిగ్గా ఉంది. ఆ మేరకు కూలి తగ్గించి ఇచ్చారు.