రూపచిత్రం: లేపాక్షి కప్పు నుంచి పావగడ ఇంటి గోడ దాకా

ఒక వ్యక్తిని చూసినవారు ఇతడే అని గుర్తుపట్టేటట్లు చిత్రించే కళకు రూపచిత్రకళ అని పేరు. కన్నడంలో దీనిని భావచిత్రమంటారు. ప్రభుత్వ దరఖాస్తులలో చిన్న ఫోటో అతికించవలసిన చోట కనిపించే మాట కూడా ఇదే. తుమకూరు జిల్లాకు చెందినదైనా మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ నేలతో చుట్టబడిన పావగడ తాలూకాలో, తెలుగు మాట్లాడే ఇళ్ళలో దీనికి వాడుకలో ఉన్న పేరు ఒక్కటే: పటం.

ఈ ప్రాంతంలో పటం కట్టించడమంటే చాలావరకు పోయినవారికి చేసే పని. మనిషి కన్నుమూసిన తరువాత, పదకొండో రోజు లోపల, రేషను కార్డుకో ఓటరు గుర్తింపు కార్డుకో తీయించిన చిన్న బొమ్మను వెతికి తెచ్చి పెద్దది చేయిస్తారు. పొలం పనులతోనే జీవితం గడిపిన స్త్రీల విషయంలో అంతకు మించిన ఆధారం దొరకదు. బిగుసుకున్న ఆ ముఖమే తరువాతి తరాలకు నాయనమ్మ ముఖంగా మిగిలిపోతుంది. రూపచిత్రాల చరిత్రను తెలుసుకోవలసిన అవసరం ఇక్కడే ఉన్నది.

పురాణంలో, శాస్త్రంలో

తెలుగువారికి చిరపరిచితమైన ఉషాపరిణయ కథలో రూపచిత్రానికి ప్రధాన పాత్ర ఉన్నది. ఉష కలలో చూసిన యువకుడెవరో తెలియక చెలికత్తె చిత్రరేఖ రాజకుమారుల రూపాలను ఒక్కొక్కటిగా వ్రాసి చూపుతుంది. అనిరుద్ధుని చిత్రం చూడగానే ఉష గుర్తుపడుతుంది. చూసినవారు గుర్తుపట్టడమే రూపచిత్రానికి పరీక్ష అన్న భావన ఆ కథలోనే ఉన్నది.

కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసం అనే సంస్కృత గ్రంథం ఈ భావనకు శాస్త్రరూపమిచ్చింది. అద్దంలో ప్రతిబింబం వలె పోలిక కుదిరిన చిత్రాన్ని అది విద్ధచిత్రమన్నది. ఊహతో వ్రాసిన చిత్రాన్ని వేరుగా, అవిద్ధచిత్రంగా పేర్కొన్నది. నేడు పటం కొనేవారు అడగవలసిన మొదటి ప్రశ్న కూడా ఈ భేదానికి సంబంధించినదే.

వీరగల్లు నుంచి వర్ణచిత్రానికి

పోయినవారి రూపాన్ని నిలిపే ఆచారం ఈ నేలపై రంగులకంటే ముందు రాతిలో కనిపిస్తుంది. పావగడ తాలూకాలోని నిడుగల్లు దుర్గం 12, 13 శతాబ్దాలలో నిడుగల్లు చోళుల రాజధాని. కర్ణాటకలోనూ రాయలసీమలోనూ ఆ కాలానికి ముందు నుంచే వీరగల్లులు నిలిపేవారు. సాధారణంగా ఈ రాళ్ళ అడుగు భాగంలో పోరు, నడుమ వీరుని స్వర్గానికి తీసుకుపోయే అప్సరసలు, పైన శివలింగం ముందు కూర్చున్న వీరుడు కనిపిస్తారు. వీటిలో ముఖానికి పోలిక ఉండదు. ఆ వీరుడెవరో తెలిపేది శాసనం ఉంటే శాసనం, లేకుంటే ఊరి జ్ఞాపకం.

రంగులలో మనుషుల రూపాలు చూడగోరే పావగడవాసికి అందుబాటులో ఉన్న గొప్ప ఉదాహరణ లేపాక్షి. మడకశిర, హిందూపురం మీదుగా అక్కడికి చేరవచ్చు. హిందూపురం నుంచి దూరం సుమారు 15 కిలోమీటర్లు. విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1529–1542 మధ్య, విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరుల పోషణలో వీరభద్రాలయం రూపుదిద్దుకున్నది. దాని కప్పుపై సున్నపు పూత మీద వేసిన చిత్రాలలో ఆ సోదరులు తమ పరివారంతో వీరభద్రుని ముందు నిలిచి ఉన్నారు. తలపై పొడవాటి కుళ్ళాయిలు, నడుముకు చుట్టిన అంచు వస్త్రాలు, పక్కకు తిరిగిన ముఖాలు, విప్పారిన కళ్ళు.

ఆ ముఖాలన్నీ దాదాపు ఒకే తీరున ఉంటాయి. వారెవరో తెలిసేది కనుముక్కు తీరును బట్టి కాదు, నిలిచిన చోటును బట్టి, ధరించిన దుస్తులను బట్టి. అయినా రాతిలోని వీరునికీ వీరికీ ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. వీరు బ్రతికి ఉండగానే తమ రూపాలను వ్రాయించుకున్నారు. రాజధనాన్ని ఆలయానికి ఖర్చు చేశాడన్న నింద పడి విరూపణ్ణ తన కళ్ళను తానే పెరికివేసుకున్నాడని జనశ్రుతి. ఆ కథ విన్న తరువాత కప్పు మీది విప్పారిన కళ్ళను చూసే యాత్రికుని చూపు మారిపోతుంది. ఈ ఆలయం 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది.

రాయల ముఖం

సుమారు 1520 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పాయెస్, రాజప్రాసాదంలో ఒక ద్వారం వద్ద కృష్ణదేవరాయల చిత్రాన్నీ ఆయన తండ్రి చిత్రాన్నీ నిజరూపానికి దగ్గరగా వ్రాసి ఉండగా చూసినట్లు తెలిపాడు. ఆ చిత్రాలు నేడు లేవు. రాయల ముఖంపై మశూచి మచ్చలు ఉన్నాయని కూడా పాయెస్ వ్రాశాడు. తిరుమల ఆలయంలో తిరుమలదేవి, చిన్నాదేవి సమేతంగా చేతులు జోడించి నిలిచిన రాయల లోహప్రతిమలో ఆ మచ్చలు లేవు. దేవుని ముందు నిలిచిన భక్తుని రూపం మచ్చలేనిదై ఉండాలని శిల్పి భావించి ఉండవచ్చు. ఉన్నది ఉన్నట్లు చూపాలా, ఉండవలసినట్లు చూపాలా అన్న సందిగ్ధం ఆనాటి నుంచీ ఉన్నదే.

అంగడిలో పటాలు

రూపచిత్రాన్ని సరుకుగా కొనడం కొత్త విషయం కాదు. 17వ శతాబ్దం చివరలో గోల్కొండ చిత్రకారులు దక్కను సుల్తానుల, మొగలు పాదుషాల, ప్రభువుల రూపాలను వరుసలుగా వ్రాసి ఐరోపా వర్తకులకు అమ్మేవారు. అమ్‌స్టర్‌డాం నగరాధ్యక్షుడైన నికోలాస్ విట్సెన్ సేకరించిన అటువంటి చిత్రాల సంపుటం ఆ నగరంలోని రైక్స్ మ్యూజియంలో ఉన్నది. అది 1686 ప్రాంతానిది. మరుసటి ఏడే గోల్కొండ ఔరంగజేబు వశమైంది. ఇటువంటి వరుసలలో పలు చిత్రాలు మునుపటి చిత్రాలను చూసి వ్రాసిన నకళ్ళు. తాను ఎన్నడూ చూడని మనిషిని మరొక బొమ్మను బట్టి వ్రాయడం, ఆ విధంగా మూడు వందల ఏళ్ళకు పైబడిన వృత్తి.

మైసూరు, రవివర్మ, ముద్రణ

1799లో శ్రీరంగపట్టణం పతనమైన తరువాత ఐరోపా తైలవర్ణ రూపచిత్రం మైసూరు సంస్థానంలో వేళ్ళూనుకున్నది. ఐర్లండుకు చెందిన థామస్ హికీ దివాను పూర్ణయ్యను చిత్రించాడు. 1805 నాటిదిగా, హికీ వ్రాసినదిగా భావించే మరొక చిత్రంలో మైసూరు అంతఃపుర స్త్రీలు ముగ్గురు ఉన్నారు. కొత్తగా వచ్చిన మశూచి టీకాను ప్రజలలో ప్రోత్సహించడానికే దానిని వ్రాయించి ఉంటారని ఒక చరిత్రకారుడు ప్రతిపాదించాడు.

రాజా రవివర్మ (1848–1906) 1885లో మైసూరు మహారాజు చామరాజేంద్ర ఒడెయరు ఆహ్వానంపై వచ్చి రాజకుటుంబీకుల రూపాలను చిత్రించాడు. 1894లో బొంబాయిలో ఆయన నెలకొల్పిన ముద్రణాలయం దేవతల పటాలను సామాన్యుని గోడకు చేర్చింది. గాజు, చట్రం, మేకు, పూలదండ అనే ఏర్పాటు దేవుని పటంతో ఇంటింటికీ వచ్చింది. పెద్దల పటం దాని పక్కనే చోటు చేసుకున్నది.

ఫోటో వచ్చిన తరువాత

1839లో ఐరోపాలో వెల్లడైన ఛాయాచిత్ర విధానం కొద్ది కాలానికే భారతదేశం చేరింది. హైదరాబాదు నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ 1890ల ఆరంభంలో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా, స్త్రీలే ఫోటో తీసే స్టూడియోను ఏర్పాటు చేశాడు. గ్రామాలకు ఈ సౌకర్యం చాలా ఆలస్యంగా అందింది. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందన్న నమ్మకం కూడా కొంత అడ్డుపడింది.

చిత్రకారుని పనిని ఫోటో వెంటనే తొలగించలేదు, మార్చింది. నలుపు తెలుపు ఫోటోపై గళ్ళు గీసి, అదే లెక్కన పెద్ద కాగితంపై గళ్ళు గీసి, ఒక్కొక్క గడిలోని గీతలను పెంచి వ్రాసే పద్ధతి అన్ని ఊళ్ళలోనూ సాగింది. సినిమా బ్యానర్లూ, నాయకుల నిలువెత్తు బొమ్మలూ ఈ పద్ధతిలోనే తయారయ్యేవి. 2000 తరువాత ఫ్లెక్సు ముద్రణ వ్యాపించడంతో ఈ వృత్తి చాలావరకు కనుమరుగైంది. నేడు పావగడ వీధులలో శ్రద్ధాంజలి ఫ్లెక్సుపై కనిపించే ముఖం కంప్యూటరులో దిద్దినదే.

నేడు దొరికే రకాలు

పటం కొనదలచినవారికి ప్రస్తుతం నాలుగు మార్గాలున్నాయి.

మొదటిది పెన్సిలు లేదా బొగ్గుతో కాగితంపై వ్రాసినది. తక్కువ ఖర్చులో నిజమైన చేతిపని కావాలనుకునేవారికి ఇది అనుకూలం. రెండవది క్యాన్వాసుపై తైలవర్ణంతో గాని యాక్రిలిక్ రంగులతో గాని వేసినది. తైలవర్ణం పైకి ఆరడానికి రోజులు, లోపల పూర్తిగా ఆరడానికి నెలలు పడుతుంది. పదకొండో రోజుకు తైలవర్ణ చిత్రం ఇస్తామన్నవారిని ఎలా ఇవ్వగలరో అడగాలి. మూడవది ఫోటోనే పెద్దది చేసి ముద్రించి చట్రం కట్టినది. నాలుగవది ఫోటోను కంప్యూటరు లేదా కృత్రిమ మేధ ద్వారా చిత్రం వలె మార్చి క్యాన్వాసుపై ముద్రించినది.

చివరి రెండూ తప్పు కావు. నాలుగవదానిని చేతిచిత్రమని చెప్పి అమ్మితేనే మోసం. భూతద్దంతో చూస్తే ముద్రణలో సన్నని చుక్కలు కనిపిస్తాయి. ముద్రణ మీద పారదర్శకమైన జిగురును కుంచెతో పూసి గరుకు తెప్పించడం కూడా ఉన్నది. కుంచె గీత ముఖపు వంపును అనుసరించక అడ్డదిడ్డంగా ఉంటే అనుమానించాలి. అన్నిటికంటే మేలైనది, పని సగంలో ఉండగా ఒకసారి చూపమని ముందే షరతు పెట్టుకోవడం.

కృత్రిమ మేధతో మరొక చిక్కు ఉన్నది. అది ముఖాన్ని నున్నగా చేస్తుంది, ముడతలు తీసివేస్తుంది, మేనిఛాయను తేలిక చేస్తుంది. నీటిలో ఫ్లోరైడు అధికంగా ఉన్న పావగడ తాలూకాలో పళ్ళపై గారమచ్చలు ఎందరికో ఉంటాయి. వాటిని ఉంచాలా తీయాలా అన్నది ఇంటివారు నిర్ణయించవలసిన విషయం, యంత్రం కాదు. మనుమలు గుర్తుపట్టని ముఖం ఎంత అందంగా ఉన్నా అది విద్ధచిత్రం కాదు.

ఆర్డరు ఇచ్చే ముందు

చిత్రకారునికి ఒక్క ఫోటో కాక, దొరికినన్ని ఇవ్వాలి. గుర్తింపు కార్డు ఫోటోలో వెలుగు నేరుగా పడి ముఖపు లోతు పోతుంది. పెళ్ళిలోనో జాతరలోనో పక్క నుంచి పడిన చిన్న బొమ్మ ఆ లోటు తీర్చగలదు. పాత ఫోటోను చేతిఫోనుతో తీసి పంపడం కంటే స్కాను చేయించి పంపడం మేలు. మేనిఛాయ, కంటి రంగు, బొట్టు తీరు, తలపాగా రంగు మాటలలో వ్రాసి ఇవ్వాలి.

వేర్వేరు కాలాలలో పోయిన దంపతులను ఒకే పటంలో చేర్చమని అడిగేవారు చాలామంది. ముప్పై ఏళ్ళ భర్త పక్కన డెబ్బై ఏళ్ళ భార్య నిలవవలసి వస్తే ఏ వయసు రూపం కావాలో కుటుంబం ముందే ఒక మాట మీదికి రావాలి.

ధర ముఖాల సంఖ్య, కొలత, రంగుల రకం, పట్టే సమయం, చిత్రకారుని అనుభవాన్ని బట్టి ఉంటుంది. చట్రం ఖర్చు అందులో చేరినదో లేదో, దిద్దుబాట్లు ఎన్నిసార్లు చేస్తారో, బయానా ఎంతో కాగితంపై వ్రాయించుకోవాలి. కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షను ప్రకారం, డబ్బు ఇచ్చి వ్రాయించిన రూపచిత్రంపై వేరే ఒప్పందం లేనప్పుడు తొలి హక్కుదారు వ్రాయించినవారే. నకళ్ళు తీయించుకోవడానికి ఇది ఉపకరిస్తుంది.

చిత్రకారులను స్వయంగా కలవదలచినవారికి బెంగళూరులో కర్ణాటక చిత్రకళా పరిషత్తు ఏటా నిర్వహించే చిత్రసంతె మంచి అవకాశం. రెండు దశాబ్దాలకు పైగా జరుగుతున్న ఈ సంతలో ఎదురుగా కూర్చోబెట్టుకుని ముఖం గీసేవారు కూడా ఉంటారు.

కాపాడుకోవడం

పావగడ వంటి ఎండ ప్రాంతంలో పటానికి మొదటి శత్రువు వెలుగు. ఎండ పడే గోడను వదలివేయాలి. కాగితంపై వ్రాసిన చిత్రం గాజుకు అంటుకోకుండా నడుమ అట్ట అంచు పెట్టించాలి. మట్టిగోడలకు చెదలు సహజం కనుక చట్రం వెనుక వేలెడు ఖాళీ ఉండేటట్లు వేలాడదీయాలి. పోయినవారి పటం ముందు దీపం, అగరువత్తి వెలిగించడం ఆచారం. ఆ పొగ గాజు లేని క్యాన్వాసును కొద్ది ఏళ్ళలోనే మసిబారుస్తుంది. దీపాన్ని కొంత దూరంగా ఉంచాలి. కుంకుమ బొట్టు గాజు మీదే పెట్టాలి, చిత్రం మీద కాదు.

బ్రతికి ఉండగానే

పైన చెప్పిన చిక్కులలో చాలావాటికి మూలం ఒక్కటే: పటం గురించి ఆలోచించే సమయానికి మనిషి ఉండడు. లేపాక్షిలో విరూపణ్ణ సోదరులు తాము ఉండగానే తమ రూపాలను నిలుపుకున్నారు. నేడు అందుకు సంపద అక్కరలేదు. పండుగనాడు తీరికగా కూర్చున్న తల్లినో తాతనో కిటికీ పక్క వెలుగులో, ముఖం ఎదురుగానూ పక్కగానూ, నవ్వుతూ ఒకటీ మామూలుగా ఒకటీ ఫోటోలు తీసి భద్రపరచి, వెనుక పేరు, ఊరు, సంవత్సరం వ్రాసి ఉంచితే చాలు. చిత్రం ఎప్పుడు వ్రాయించినా ఆధారం మిగిలి ఉంటుంది. వీలైతే చిత్రకారుని ఎదుటే కూర్చోబెట్టవచ్చు. తన పటాన్ని తాను చూసుకుని, పోలిక కుదిరిందో లేదో చెప్పగల ఒకే ఒక్క అవకాశం ఆ పెద్దకు అప్పుడే ఉంటుంది.