సున్నం కాల్చిన కంటికి మళ్ళీ చూపు

1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయ్యాక బోధన్ చుట్టుపక్కల పొలాల రూపే మారిపోయింది. కాలువ నీళ్ళు పారిన చోటల్లా చెరకు వేశారు. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొన్నారు. వాళ్ళు స్థిరపడిన ఊళ్ళను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. 1937లో శక్కర్‌నగర్‌లో వెలిసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఆసియాలోకెల్లా పెద్దదన్న పేరు మోసింది, 2015 డిసెంబరులో మూతపడింది.

చక్కెరకు ఆ తెలుపు రావాలంటే సున్నం ఉండాల్సిందే. గానుగ దాటిన రసం నల్లగా, మడ్డిగా ఉంటుంది. దాన్ని వేడిచేసి సున్నపు పాలు కలిపి, గంధకం పొగ పట్టిస్తారు. మడ్డి అడుగుకు దిగి, తేట రసం పైన నిలుస్తుంది. కామారెడ్డి వైపు బెల్లం వండేవాళ్ళకూ సున్నంతో పనే. ఇక ఇళ్ళలో గోడకు సున్నం, తమలపాకుకు సున్నం, తంబాకుకు సున్నం.

అదే సున్నం కంట్లో పడితే నిప్పే. అది క్షారం. కణాల కొవ్వు పొరను కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది. రెప్ప కింద ఇరుక్కున్న చిన్న రేణువు కూడా కాలుస్తూనే ఉంటుంది. మన దేశంలో పిల్లల కళ్ళు రసాయనాలతో కాలిపోవడానికి ముఖ్య కారణాల్లో తాంబూలపు సున్నం ఒకటి. ప్యాకెట్టును ముఖం దగ్గర పెట్టుకొని నొక్కితే చాలు, పగిలి కంట్లోకి చిమ్ముతుంది.

నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర కార్నియా. దాని పైకణాలు రోజూ రాలిపోతుంటాయి, వారం పది రోజుల్లో కొత్తవి వచ్చేస్తాయి. నరికిన చెరకు మోడు నుంచి పిలకలు లేచి కార్శి తోట ఎదిగినట్టే ఈ పొరా మళ్ళీ మళ్ళీ మొలుస్తుంది. ఆ మొలకెత్తే శక్తి నల్లగుడ్డుకూ తెల్లగుడ్డుకూ మధ్య సన్నని అంచులో ఉన్న మూలకణాలది. వాటికి పుట్టిన కణాలు మెల్లగా నడిమికి జరుగుతూ పొరను నింపుతాయి. సున్నం ఆ అంచునే కాల్చేస్తే తెల్లగుడ్డు పొర రక్తనాళాలతో సహా కార్నియా మీదికి పాకి చూపును మూసేస్తుంది. దాత కార్నియా ఒక్కటే అమర్చినా నిలవదు. దాన్ని పోషించే మూలకణాలే అక్కడ లేవు కదా!

1997లో ఇటలీ శాస్త్రవేత్త గ్రాజియెల్లా పెల్లెగ్రిని బృందం ఈ ముడి విప్పింది. బాగున్న కంటి అంచు నుంచి కాస్త కణజాలం తీసి, ప్రయోగశాలలో పెంచి, ఇద్దరు రోగుల దెబ్బతిన్న కళ్ళ మీద అమర్చింది. 2001లో ఆ పద్ధతిని హైదరాబాద్‌లోని ఒక కంటి ఆసుపత్రి అందుకుంది. సినీ నిర్మాత ఎల్వీ ప్రసాద్ విరాళంతో, డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు సారథ్యంలో 1987లో మొదలైన సంస్థ అది. అక్కడ కణాలు పెంచే పనిని డాక్టర్ గీతా వేముగంటి ప్రయోగశాల చూసింది, శస్త్రచికిత్సలు డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్ బృందం చేసింది. 2011లో ప్రకటించిన 200 మంది ఫలితాల్లో 71 శాతం సఫలం.

కానీ కణాలు పెంచాలంటే ప్రత్యేకమైన ల్యాబు కావాలి, రోజుల తరబడి ఆగాలి, ఖర్చు భరించాలి. చిన్న పట్టణానికి అది అందని వైద్యమే.

అందుకే 2010లో సాంగ్వాన్ బృందం వేసిన అడుగు ఇంకా గొప్పది. బాగున్న కంటి నుంచి రెండు మిల్లీమీటర్ల పలుకు తీస్తారు. ఎనిమిది పది ముక్కలు చేస్తారు. దెబ్బతిన్న కంటి మీద ఉమ్మనీటి సంచి పొర పరిచి, ఆ ముక్కల్ని చుట్టూ అక్కడక్కడ జిగురుతో అంటిస్తారు. పైన మెత్తని కాంటాక్ట్ లెన్సు. ల్యాబు చేయాల్సిన పని కన్నే చేసుకుంటుంది. ఒక్క ఆపరేషన్‌తో సరి. 2012లో తొలి ఆరుగురి ఫలితాలు అచ్చయ్యాయి. 2016లో డాక్టర్ సయన్ బసు, సాంగ్వాన్ తదితరులు 125 మంది వివరాలిచ్చారు. వారిలో 76 శాతం మందికి కంటి పైపొర స్థిరంగా నిలిచింది. ఇప్పుడు అనేక దేశాల సర్జన్లు ఈ పద్ధతి వాడుతున్నారు. ధనిక దేశపు పద్ధతిని తెచ్చుకొని, పేదవాడికి అందేలా మార్చి ప్రపంచానికి తిరిగి ఇచ్చిన ఘనత తెలుగునేలది.

దీనికి ఒక హద్దుంది. రెండు కళ్ళూ కాలిపోతే సొంత మూలకణాలు దొరకవు. బంధువుల నుంచో దాత నుంచో తీసుకోవాలి, శరీరం వాటిని తిప్పికొట్టకుండా గట్టి మందులు వాడాలి.

నిజామాబాద్ దాటి గోదావరి అవతల ముధోల్‌లో 1996లోనే హైదరాబాద్‌లోని ఆ కంటి ఆసుపత్రి తన తొలి గ్రామీణ కేంద్రం తెరిచింది. అయితే ఏ ఆసుపత్రికైనా ముందు నీళ్ళు. కంట్లో సున్నం పడితే నలపకండి, పసరు పోయకండి. రెప్పలు విప్పిపట్టి కనీసం అరగంట మంచినీళ్ళు ధారగా పోసి కడగండి, ఆనక వెంటనే కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. సున్నం ప్యాకెట్టు పిల్లల చేతికి అందనివ్వకండి.