కృత్తికలు – ప్రాచీదిశ

కార్తిక రాత్రులలో ఔత్సాహిక ఖగోళ పరిశీలకుల దుర్భిణులు మొదట తిరిగేది కృత్తికల వైపే. కుమారస్వామిని పోషించిన మాతలు ఆర్గురు. గెలీలియో 1610లో అక్కడ 36 తారలను చిత్రించాడు.

శతపథ బ్రాహ్మణంలోని అగ్న్యాధాన ప్రకరణం, కృత్తికలు ప్రాచీదిశనుండి తొలగవంటుంది. నేడు తెలుగునేలపై దిక్సూచి పట్టి చూడండి: అవి తూర్పునకు సుమారు 25 డిగ్రీలు ఉత్తరంగా ఉదయిస్తాయి. అయితే శ్రుతివాక్యం అసత్యమా? కాదు. భూమి అక్షం మెల్లగా దిశ మార్చుకొంటూ ఒక ఆవృత్తికి దాదాపు 26,000 సంవత్సరాలు తీసుకొంటుంది. దానితోపాటు తారల ఉదయస్థానాలూ జరుగుతాయి. ఈ అయనచలనాన్ని గణించియే శంకర బాలకృష్ణ దీక్షితులు ఆ వాక్యం క్రీ.పూ. 3000 ప్రాంతపుదన్నారు.

అది స్థూలమైన దిగ్వర్ణన మాత్రమేనని ఆక్షేపించే పండితులున్నారు. కానీ తక్కిన నక్షత్రాలన్నీ తూర్పునుండి తొలగుతాయని ఆ బ్రాహ్మణమే వేరుచేసి చెప్పింది. కనుక అది కంట చూచి పలికిన మాటయేనని మా అభిప్రాయం.