ఇండోర్ చక్రం: నగరం మురికిని పొలానికి మోసిందెవరు?

పోయిన భాగం చదివిన ఆర్కిటెక్చర్ విద్యార్థులు కొందరు ఒకే ప్రశ్న వేశారు. "అన్నా, ఇప్పుడు మా సిలబస్ అంతా సర్క్యులర్ డిజైన్ చుట్టూ తిరుగుతోంది. నగరంలో చెత్త అనేదే ఉండకూడదు, వాడిన ప్రతిదీ మళ్లీ వనరు కావాలి అంటున్నారు. మంచి మాటే కదా? ఇందులో కులం ఎక్కడుంది?"

మంచి మాటే. వందేళ్ల కింద ఇదే మాటను మన దేశంలోని ఒక నగరం కోసం రెండు సంపుటాల నివేదికగా అచ్చేశారు. ఆ నగరం ఇండోర్. కులం ఎక్కడుందో తెలియాలంటే అక్కడికే పోవాలి.

నివేదిక రాసినాయన పాట్రిక్ గెడ్డెస్. స్కాట్లాండ్ మనిషి. మొదట జీవశాస్త్రం చదివి, తర్వాత నగరాల మీదికి మళ్లాడు. 1914లో నగర ప్రణాళికల ప్రదర్శన ఒకటి తీసుకుని మద్రాసు బయల్దేరాడు. ఆ బొమ్మలూ పటాలూ ఉన్న ఓడను జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ ముంచేసింది. అదే ఎమ్డెన్ మద్రాసు మీద గుండ్లు వేసిన కథ మన తాతలు చెప్పుకునేవాళ్లు. గెడ్డెస్ మళ్లీ పటాలు సమకూర్చుకుని 1915లో మద్రాసులో ప్రదర్శన పెట్టాడు, ఆ తర్వాత ఊరూరూ తిరిగి నివేదికలు రాశాడు. హోల్కర్ల రాజ్యంలోని ఇండోర్ మీద రాసింది 1918లో వచ్చింది.

మనిషికి ఇవ్వాల్సింది ఇద్దాం. ఆ రోజుల్లో ఇంజనీర్లకు తెలిసిన మందు ఒకటే: ప్లేగు వస్తే పేట కూల్చు, వెడల్పు రోడ్డు వెయ్యి. ఆ పేటలో పేదలు ఎక్కడికి పోతారన్నది వాళ్ల లెక్కలో లేదు. గెడ్డెస్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. పాడుబడ్డ గోడ ఒకటి తియ్యండి, ఖాళీ జాగాలో చెట్టు నాటండి, బావి బాగుచెయ్యండి, ఉన్న ఇంటిని ఉంచండి అన్నాడు. బుల్డోజర్ రాజ్యమేలుతున్న ఈ రోజుల్లో ఆయన్ని చదివితే నాకు ఇప్పటికీ గౌరవమే.

అయితే మురుగు దగ్గరికి వచ్చాక చూడండి. నగరం కింద గొట్టాలు వేసి, నీళ్లు పోసి, మలాన్ని దూరంగా తోసెయ్యాలన్నది ఇంజనీర్ల దారి. అది దండగ ఖర్చు అన్నాడు గెడ్డెస్. నీళ్లు పోతాయి, నది పాడవుతుంది, పొలానికి దక్కాల్సిన ఎరువు సముద్రం పాలవుతుంది. కాబట్టి అంతా మట్టికే తిరిగి పోవాలి, నగరం మధ్యా చుట్టూ తోటలు ఉండాలి, మలం ఆ తోటలకు ఎరువు కావాలి. ఇవాళ మీ స్టూడియోలో గుండ్రంగా బాణాలు గీసి చూపించే బొమ్మ అచ్చంగా ఇదే. బాణం ఒక కొస ఇంటి దగ్గర, రెండో కొస తోట దగ్గర. మధ్యలో ఉన్నది మెహతర్ ఆడమనిషి తలమీది తట్ట. బొమ్మలో ఆమె ఉండదు.

ఆమె గెడ్డెస్‌కు కనబడలేదా? బాగానే కనబడింది. ఇండోర్‌లో ఉన్నప్పుడు ఒక దీపావళికి ఆయన పెద్ద ఊరేగింపు తీయించాడు. మురికి రాక్షసుడి బొమ్మ, ప్లేగు ఎలుక బొమ్మ చేయించి ఊరంతా తిప్పి కాల్చేశారు. ఆ ఊరేగింపులో ఊడ్చేవాళ్లకు తెల్లటి శుభ్రమైన బట్టలు కట్టించి, పొరకలకు పూలు చుట్టి, రాజుగారి పరివారంతో పాటు నడిపించాడు. ఆయన జీవితచరిత్రలు రాసినవాళ్లు ఈ ఘట్టాన్ని ఎంత మురిపెంగా చెబుతారో! 1917 ప్రాంతంలో, అంటరానివాళ్లను రాజవీధిలో నడిపించడం చిన్న పనేం కాదు, ఒప్పుకుంటా. కానీ పూలు పొరకకు కట్టారు. పండగ మర్నాడు ఆ పొరక ఎవరి చేతికి వచ్చిందో తెలుసుకోడానికి ఏ నివేదికా తిరగెయ్యక్కర్లేదు.

ఇక్కడ కాస్త ఆగి, ఆ కాలపు పాకీదొడ్డిని ఒక కట్టడంగా చూద్దాం. ఇది మీ సబ్జెక్టే. ఇంటి వెనక గోడను ఆనుకుని చిన్న గది. లోపల ఇటుకల ఎత్తు మీద కూర్చునే చోటు. దాని కింద తట్టో, డబ్బానో, చాలాచోట్ల ఉత్త బండో. బయటి గోడలో కిందుగా ఒక కన్నం, దానికో రేకు తలుపు. ఆ తలుపు ఇంట్లోకి తెరుచుకోదు, వెనక సందులోకి తెరుచుకుంటుంది. ఆ సందులో ఇంటివాళ్లు నడవరు. పాకీ మనిషి ముందు వాకిట్లోకి రాదు. ఆమె చెయ్యి ఇంట్లోకి వస్తుంది, ఆమె రాదు. వీధివాకిలికి ఒక వెడల్పు, వెనక సందుకు ఒక వెడల్పు లెక్కవేసి, పట్నాలు ఇలా పేటలకు పేటలు కట్టుకున్నాయి. మనుధర్మం ఎక్కడుందని అడిగేవాళ్లకు నేను సంస్కృత శ్లోకం చూపించను, ఈ ప్లాన్ చూపిస్తా.

అన్నట్టు, వాడినదాన్ని మళ్లీ వాడాలన్న సూత్రం మనువుకూ తెలుసు. చచ్చినవాళ్ల బట్టలు, పగిలిన కుండలు చండాలులకు అని పదో అధ్యాయంలో రాసిపెట్టాడు. ఏదీ వృథా కాకూడదని ఎంత శ్రద్ధో!

గెడ్డెస్ తర్వాత ఇండోర్‌కు ఆల్బర్ట్ హోవార్డ్ వచ్చాడు. సేంద్రియ వ్యవసాయానికి పితామహుడని ప్రపంచమంతా దండం పెట్టే మనిషి. 1924లో మొదలైన అక్కడి మొక్కల పరిశోధన సంస్థను 1931 దాకా నడిపాడు. పంట చెత్త, పేడ, పశువుల మూత్రంతో తడిసిన మట్టి, బూడిద పొరలుపొరలుగా గోతుల్లో వేసి, మూడుసార్లు తిరగేస్తే మూడు నెలల్లో నల్లటి ఎరువు తయారయ్యేది. దీన్నే ఇండోర్ పద్ధతి అంటారు. 1931లో వచ్చిన పుస్తకానికి యశ్వంత్ వాడ్ సహ రచయిత, ఆ పేరు ఇవాళ ఎవరికీ గుర్తులేదు. 1934లో జాక్సన్ అనే అధికారి, ఇదే వాడ్ కలిసి ఈ పద్ధతిని పట్నపు చెత్తకూ మనిషి మలానికీ వర్తింపజేసి వైద్య పత్రికలో రాశారు. తర్వాత 1939లో ఆచార్య అనే శాస్త్రవేత్త బెంగళూరు పద్ధతి తెచ్చాడు. చెత్త ఒక పొర, మలం ఒక పొర వేసి పైన మట్టి కప్పేయడం, తిరగేసే పని లేదు.

ఎరువు శాస్త్రంగా ఇవన్నీ నిక్కమైనవి, వేడెక్కిన గోతిలో క్రిములు చస్తాయి. గోతిలో ఏం జరుగుతుందో రోజు రోజుకీ, డిగ్రీ డిగ్రీకీ కొలిచారు. ఇంటి కన్నం నుంచి గోతి గట్టు దాకా ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ కొలవలేదు. అది దొరికే కూలీ కాబట్టి. పుట్టుకతో దొరికే కూలీ.

ఇండోర్‌కు పాతిక కిలోమీటర్ల లోపే మౌ కంటోన్మెంట్. 1891 ఏప్రిల్ 14న బాబాసాహెబ్ పుట్టిన చోటు. ఈ దగ్గరితనం యాదృచ్ఛికమే, నేను దీనికి పెద్ద అర్థం అంటగట్టను. కానీ 1936 సంగతి యాదృచ్ఛికం కాదు. ఆ ఏడు నవంబరులో గాంధీ హరిజన్ పత్రికలో ఆదర్శ భంగీ గురించి వ్యాసం రాశాడు. ఆదర్శ భంగీకి మరుగుదొడ్డి సరిగ్గా ఎలా కట్టాలో తెలియాలట, మలమూత్రాల గుణాలు తెలియాలట. అంటే గెడ్డెస్, హోవార్డ్‌ల చక్రానికి తగిన నిపుణుడన్నమాట. ఆ వ్యాసంలో భంగీకి గౌరవం ఉంది, విద్య ఉంది, బయటికి పోయే తలుపు లేదు. అదే ఏడు బాబాసాహెబ్ కుల నిర్మూలన అచ్చేశాడు. పుట్టుకను బట్టి పని అంటగట్టే ఏర్పాటు ఎంత సమర్థంగా కనబడినా అది మనిషిని చంపుతుందన్నది అందులోని వాదం. ఒకాయన పనిని మెరుగుపరచమన్నాడు, ఇంకొకాయన పనికీ పుట్టుకకూ ఉన్న ముడి తెంచమన్నాడు.

చక్రం తిరగాలంటే కులం తప్పదా? జపాన్ చూడండి. 18వ శతాబ్దంలో సుమారు పది లక్షల జనం ఉన్న ఎడో నగరంలో మలం ఖరీదైన సరుకు. చుట్టుపక్కల రైతులే పడవలతో వచ్చి, కూరగాయలో డబ్బో ఇచ్చి తీసుకుపోయేవాళ్లు. అద్దె ఇళ్లలో కిరాయిదార్ల మలం మీద హక్కు ఇంటి యజమానిది! ధర పెరిగిందని రైతులు అర్జీలు కూడా పెట్టుకున్నారు. జపాన్ స్వర్గమని చెప్పడం లేదు, తోలు పని చేసేవాళ్లను వాళ్లూ వెలివేశారు. కానీ అక్కడ ఎరువు కావాల్సినవాడే ఎత్తుకున్నాడు. మన దగ్గర ఎరువు ఒకడికి, తట్ట ఇంకొకరికి.

మరి గొట్టాలు వేసి నీళ్లతో తోసెయ్యడమే విముక్తా? మనవాళ్లు చాలామంది అలాగే నమ్మారు, నమ్మడంలో న్యాయం ఉంది. కానీ తట్ట పోయి మ్యాన్‌హోల్ వచ్చింది. గొట్టం ఎక్కడ పూడితే అక్కడికి దింపింది మళ్లీ మనవాళ్లనే.

ఈ కథలో తెలుగువాళ్లు ఉన్నారు. కోలారు బంగారు గనుల్లో పాకీదొడ్లు ఎత్తినవాళ్లలో తెలుగు దళిత కుటుంబాలు ఉన్నాయి. అలాంటి ఇంట్లో పుట్టిన బెజవాడ విల్సన్, మన రాష్ట్రంలో పనిచేసిన ఐఏఎస్ ఎస్.ఆర్. శంకరన్ వంటి పెద్దలతో కలిసి 1990ల మధ్యలో సఫాయి కర్మచారి ఆందోళన్ మొదలుపెట్టాడు. వాళ్లు చేసిన పని అర్జీలతో ఆగలేదు, గడ్డపారలు పట్టి పాకీదొడ్లు కూల్చారు. దానికి చట్టం తోడుంది. 1993 చట్టం పాకీ పని చేయించడంతో పాటు ఆ రకం దొడ్డి కట్టడాన్నే నేరం చేసింది. ఒక కట్టడం నమూనాను, అది మనిషికి చేసే అవమానం చూసి, పార్లమెంటు నిషేధించిందన్నమాట. మీ ప్రొఫెసర్లు ఈ చట్టాన్ని డిజైన్ చరిత్రలో ఎందుకు చెప్పరో అడగండి.

చట్టం వచ్చాక కూడా 2011 జనగణనలో 7.94 లక్షల ఇళ్లలో మలాన్ని మనుషులే ఎత్తుతున్నట్టు తేలింది. 2013లో ఇంకో చట్టం వచ్చింది, డిసెంబరు 6 నుంచి, బాబాసాహెబ్ పరినిర్వాణ దినం నుంచి అమల్లో ఉంది. 2014 మార్చిలో సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు కాలవల్లో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వమంది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. చావు ధర పెరిగింది, చావులు ఆగలేదు.

కులం అక్కర్లేని చక్రం కూడా ఉంది. రెండు గుంతల మరుగుదొడ్డి. ఒక గుంత నిండితే దాన్ని మూసి రెండోదానికి మళ్లిస్తారు. ఏడాదిన్నర, రెండేళ్లకు మొదటి దాంట్లో ఉన్నది వాసన లేని పొడి మట్టి అవుతుంది. ఇంటివాళ్లే పారతో తీసి పొలానికి వేసుకోవచ్చు. ఖర్చు తక్కువ, నీళ్లు తక్కువ. అయినా జనం పెద్ద పెద్ద ట్యాంకులే కడతారు. ఎందుకు? డయాన్ కాఫీ, డీన్ స్పియర్స్ 2017లో రాసిన పుస్తకం దీని మీదే: గుంత ఖాళీ చెయ్యడం అంటరానివాళ్ల పని అన్న భావం. నిండకుండా ఉండాలని ట్యాంకు, నిండితే పిలవడానికి మనవాళ్లు.

2017 ఫిబ్రవరిలో వరంగల్ జిల్లా గంగదేవిపల్లిలో కేంద్ర పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా గుంతలోకి దిగి ఆ ఎరువు తవ్వాడు. పత్రికలన్నీ ఫొటో వేశాయి, ప్రధాని మన్ కీ బాత్‌లో మెచ్చుకున్నాడు. నేను ఆ పనిని ఎగతాళి చెయ్యను, పదిమంది అధికారులు దిగాలి, ఇంకా దిగాలి. ఆయన తవ్వింది ఎండిన మట్టి. పచ్చిది ఎత్తేవాళ్ల ఫొటోకు పత్రికలో చోటు దొరికేది వాళ్లు చచ్చిపోయినప్పుడే.

ఇక ఇండోర్. స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2017 నుంచి ఏటా దేశంలో మొదటి స్థానం తెచ్చుకుంటూ వచ్చింది. 2022 ఫిబ్రవరిలో రోజుకు 550 టన్నుల తడి చెత్తను గ్యాసుగా మార్చే ప్లాంటు తెరిచారు. మీలో కొందరిని స్టడీ టూర్‌కు తీసుకుపోతారు, పోండి. ప్లాంటు చూశాక, పొద్దున్నే బండి వెంట నడిచేవాళ్ల పేటకు కూడా పోండి. ఇంటిపేర్లు రాసుకోండి. పర్మినెంటా, కాంట్రాక్టా అడగండి. పిల్లలు ఏం చదువుతున్నారో అడగండి.

అంతదూరం పోలేనివాళ్లకు దగ్గరి పని ఒకటి. మీ హాస్టల్ సెప్టిక్ ట్యాంకు ఆఖరుసారి ఎప్పుడు తీశారు, మెషీనుతోనా, మనిషి దిగాడా, ఎంత ఇచ్చారు, ఎవరి ద్వారా పిలిచారు, ఇవి కనుక్కోండి. దిగిన మనిషి పేరు, ఊరు బయటపెట్టకండి, పోయేది అతని ఉపాధే. వివరాలు ఇన్‌బాక్స్‌లో పంపండి, వచ్చే భాగం వాటితోనే రాస్తాను.